ఏకపాక చట్టం కింద ఇంపు ఎవరి బిడ్డ?

1

ఈ ఉదయం సముద్రపు పాటు మొదలై నీళ్ళు వెనక్కు తీయగానే కాసిం బాబాయీ నేనూ నడుములకు తాళ్ళు బిగించుకుని మంచె కిందికి దిగాం. స్తంభాలకు పట్టిన గుల్లలు గీకకపోతే ఏడాది తిరిగేసరికి ఇల్లు ఒక పక్కకు ఒరుగుతుంది. ఆ పని ఎప్పుడూ రాజ్యమ్మది. పోటు నీటిని అడ్డుకునే తలుపుల దగ్గర మరమ్మతు చేస్తూ జారిపడి ఆవిడ పోయిన తరువాత మేం చేపట్టిన మొదటి ఇంటిపని ఇదే.

మేం పైకెక్కేసరికి అమ్మ పొయ్యి వెలిగించింది. చావు జరిగిన ఇంట్లో, చితి బూడిదను సముద్రం తీసుకుపోయే పెద్దపోటు వచ్చేదాకా పొయ్యి వెలగకూడదన్నది మంచెల మీద పుట్టిన ఆచారం. మామూలుగా అది కొద్ది రోజుల మాట. ఈసారి పౌర్ణమి పోటునాడు తుపాను వల్ల తలుపులు మూసేశారు. అమావాస్య పోటుదాకా ఆగవలసి వచ్చింది. అన్నాళ్ళూ మా పడమటి వరుసవాళ్ళు క్యారియర్లలో అన్నం పంపించారు.

అన్నం ఉడికింది. తినబోయే ముందు ఒక్కొక్కరం పొయ్యి అంచు మీద బొటనవేలు ఆనించాం. రోజూ "భోంచేయండి" అనే పొయ్యి ఈరోజు అంతే మర్యాదగా, "ఈ పొయ్యికి కుటుంబం లేదు. కొత్తగా కలవదలచినవారు పేర్లు చెప్పండి" అంది.

ఇంపు పకపకా నవ్వింది. దానికి ఆరేళ్ళు. పొయ్యి తనతో పరాచికాలాడుతోందనుకుని, "నేనే, ఇంపుని" అంటూ వేలు ఈసారి గట్టిగా నొక్కింది. పొయ్యి, "ఇంపు పేరుగల మైనరు. వెంట వచ్చిన పెద్దలెవరు?" అని అడిగింది. ఆ మాటకు అమ్మ చేతిలోని గరిటె అలాగే ఆగిపోయింది.

పొయ్యికి అర్థం కానిది ఇక్కడ రాసిపెడుతున్నాను. అమ్మ పేరు అలివేలు, నన్ను కన్నది. ఇంపును కన్నది రాజ్యమ్మ. కాసిం బాబాయి మా ఇద్దరినీ కనలేదు. ఇద్దరికీ ఈత నేర్పాడు. ఇంపు పుట్టిననాడు మొదట ఎత్తుకున్నది మా అమ్మ. ఇంపుకు రాజ్యమ్మ, వేలమ్మ (మా అమ్మను అది అలా పిలుస్తుంది) అని ఇద్దరు అమ్మలు. నా పేరు తరళ. ఈ ఇంట్లో ఎవరి మెడలోనూ ఎవరూ తాళి కట్టలేదు. కట్టవలసిన అవసరం మంచెల మీద మా అమ్మమ్మల కాలంలోనే పోయింది.

2

విశ్వవిద్యాలయ వాదసభలో నేను ఓడిపోని అంశం ఏకపాక చట్టం. ఒకే పొయ్యి మీద వండుకుని ఒకే కుండలోది తినేవారు ఒక కుటుంబమన్న ఆ ఒక్క వాక్యాన్ని నేను ఎన్ని వేదికల మీద, ఎంత గర్వంతో సమర్థించానో మా సభ్యులందరికీ తెలుసు. ఆడా మగా లెక్క లేదు, ఇద్దరా నలుగురా అన్న పట్టింపు లేదు, కులం ఊసు లేదు. అన్నిటికన్నా మించినది వెళ్ళిపోయే స్వేచ్ఛ. పక్షం రోజులు ఆ కుండలోది తినకపోతే బంధం తెగుతుంది. ఏ న్యాయస్థానం మెట్లూ ఎక్కనక్కరలేదు, ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కరలేదు. మా పక్కింటి సత్తెమ్మ తల్లి, కొట్టే మొగుణ్ణి ఇలాగే వదిలించుకుంది. ఎదురింట్లో తిని వచ్చి తన గదిలో పడుకునేదట. పక్షం గడిచాక పొయ్యే ఆయన్ని "నువ్వెవరు?" అని అడిగిందట.

అదే ప్రశ్న మా పొయ్యి ఈరోజు మమ్మల్ని అడిగింది.

మధ్యాహ్నం కుటుంబసభ ఉద్యోగి పడవలో వచ్చాడు. మంచివాడే. చెప్పులు విప్పి, నేల మీద కూర్చుని, మజ్జిగ తాగి, మా జీవితాన్ని ముక్కలు చేసే మాటలు ఎంతో నెమ్మదిగా చెప్పాడు. పక్షానికి మించి పొయ్యి చల్లారింది గనుక కుటుంబం రద్దయిందట. అమ్మా, బాబాయీ, నేనూ కావాలంటే కొత్తగా కలవవచ్చునట. మరో పక్షం కలిసి తింటే సరిపోతుందట. రద్దయిన పొయ్యి తాలూకు మైనరు మాత్రం రక్తబంధువుకు చెందుతుందట. నాకు రక్తబంధువు అమ్మ ఉంది. ఇంపుకు ఈ ఇంట్లో ఎవరూ లేరట.

ఆయన ఆ మాట అంటున్నప్పుడు ఇంపు మా అమ్మ వీపు మీద ఎక్కి జడ విప్పుతోంది.

నేను చట్టంలోని ఆరో నిబంధన ఎత్తాను, దాని ఉద్దేశాన్ని వివరించాను, పీఠికను అక్షరాలా అప్పజెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "మీరు చాలా బాగా మాట్లాడతారమ్మా" అన్నాడు. నా జన్మలో అంతకన్నా పెద్ద అవమానం జరగలేదు.

3

రక్తబంధువు దొరికాడు. రాజ్యమ్మ అన్న, పద్మనాభం. గట్టు మీద ఉంటాడు. అంటే నీళ్ళు ఎక్కని ఎత్తు భూమి మీద, పెళ్ళి చట్టం ఇంకా నడుస్తున్న చోట. ఇక్కడ మా ముగ్గురితో కలిసి ఉండడానికి రాజ్యమ్మ వచ్చేసిననాటి నుంచి ఆయన ఆవిడతో మాట్లాడలేదు. పోయిందని కబురు పెడితే దహనానికి వచ్చి, గట్టువాళ్ళ పడవలోనే నిలబడి చూసి వెళ్ళాడు. ఇప్పుడు ఇస్త్రీ చొక్కాతో, ఒక సంచి నిండా జామకాయలతో వచ్చాడు.

నేను యుద్ధానికి సిద్ధపడి కూర్చున్నాను. ఆయన యుద్ధం చేయలేదు. "మేనమామను. ఇది హక్కని రాలేదు, బాధ్యతని వచ్చాను" అన్నాడు. తమ ఇంట్లో భార్యాభర్తలిద్దరూ ఉన్నారనీ, పిల్లకు ఒక పద్ధతి ఉంటుందనీ, బడి మెట్ట మీద ఉంటుందనీ, మునిగిపోయే భయం లేదనీ వరసగా చెప్పుకుపోయాడు. పద్ధతి అనే మాట దగ్గర నాకు ఒళ్ళు మండింది. చెల్లెలు బతికున్నన్నాళ్ళూ గడప తొక్కనిది ఏ పద్ధతి అని అడిగాను. ఆయన తల దించుకున్నాడు గాని లేచి వెళ్ళలేదు.

గట్టు చట్టం దృష్టిలో మేం ఎప్పుడూ కుటుంబం కాదు, తాళి లేదు గనుక. మంచెల చట్టం దృష్టిలో ఇప్పుడు కాదు, నిప్పు లేదు గనుక. ఒకటి మెడను చూస్తుంది, ఒకటి పొయ్యిని చూస్తుంది. పిల్ల ఎవరి వీపు మీద ఉందో చూసే చట్టం ఒక్కటీ లేదు.

ఇంపు జామకాయలన్నీ పళ్ళతో గాటు పెట్టి చూసి, తియ్యనివి వేరు చేసి, పచ్చివి ఆయనకు తిరిగి ఇచ్చింది.

4

ఈరోజు విచారణ. కుటుంబసభ ప్రధాన తీర్పరి మందాకిని గారు. ఏకపాక చట్టాన్ని రాసినవాళ్ళలో బతికి ఉన్నది ఆవిడ ఒక్కరే. హాస్టల్లో నా మంచం పక్కన ఆవిడ బొమ్మ ఉంది. దూరం నుంచే గుర్తుపట్టి, "వాదసభ అమ్మాయివి కదూ" అంది. మరో రోజయితే ఆ మాటకు నేను నేల మీద నడిచేదాన్ని కాను.

నా వాదం ఇది. చట్టం రెండో నిబంధన ప్రకారం ఎవరి కుండలోని అన్నం తిన్నారో వారి కుటుంబం. పొయ్యి ఆరిన అన్నాళ్ళూ మా ఇల్లు తిన్నది పడమటి వరుసలోని కుండలన్నిటిలోది. కాబట్టి ఇంపు అనాథ కాలేదు; వరుసలోని ప్రతి ఇంటికీ బిడ్డ అయింది. దాన్ని తీసుకుపోవాలంటే పద్మనాభం గారు ఒక్కొక్క ఇంటి అనుమతీ తెచ్చుకోవాలి.

సభలో నవ్వులు లేచాయి. మందాకిని గారి కళ్ళలో మెరుపు కనిపించింది. క్యారియర్ పొయ్యి కాదని ఆవిడ అభ్యంతరం చెప్పింది; కుండ కుండేనని నేను బదులిచ్చాను. కాసేపు ఆలోచించి, పొరుగింటి సత్తెమ్మ ఒప్పుకుంటే ఇంపును ఆవిడ కుటుంబ సభ్యురాలిగా గుర్తించడానికి దారి ఉందని చెప్పింది. సత్తెమ్మ అప్పటికే లేచి నిలబడి, చెయ్యి పైకెత్తింది. గెలిచామనుకున్నాను.

అప్పుడు అమ్మ లేచింది.

"సత్తెమ్మ పిన్ని మంచిదేనండి. కానీ నా బిడ్డని ఆవిడ దగ్గర అరువు తెచ్చుకోవాలా నేను?"

అమ్మా, కూర్చో అన్నాను. కూర్చోలేదు.

"రేపు దానికి జొరమొస్తే సంతకం పిన్ని పెట్టాలి. ఎవరమ్మా ఈ పిల్లంటే, పక్కింటి పిల్లండీ అని నేను చెప్పాలి. నావల్ల కాదండి. ఒక్క మాట అడుగుతాను. నేను రాజ్యం కోసం ఏడుస్తా పొయ్యి ఆర్పుకున్నాను. ఏడవకుండా వండుకు తినుంటే ఇది నా బిడ్డయ్యేదాండీ?"

 "అయ్యేది" అంది మందాకిని గారు. "ఆ చట్టంలో దుఃఖానికి నిబంధన లేదు. రాసినవాళ్ళలో నేనొకదాన్ని. మాకు తోచలేదు."

తోచలేదు! శిక్ష మాత్రం తప్పలేదు. అమ్మ ఆ దారి కాదన్నది గనుక, రక్త నిబంధన ప్రకారం పక్షం గడువులోగా ఇంపును మేనమామకు అప్పగించాలని ఆవిడ తీర్పు చదివింది.  

తిరుగు పడవలో నేను అమ్మతో మాట్లాడలేదు. గెలిచిన వాదాన్ని నా చేతిలోంచి లాక్కుని నీళ్ళలో విసిరేసింది. అమ్మ కూడా నాతో మాట్లాడలేదు. కాసిం బాబాయి మా ఇద్దరి మధ్యా తెడ్డు వేస్తూ, "ఇద్దరిలో ఎవరో ఒకరు అటు జరగండి, పడవ ఒరుగుతోంది" అన్నాడు.

5

మేం ఇంటికి చేరేసరికి, సభ నుంచి మాకన్నా ముందే వచ్చేసిన సత్తెమ్మ తన గుమ్మంలో బిందెతో నిలబడి ఉంది. అమ్మను చూసి, నేను పనికిరాకపోయానా అని మొదట నిష్ఠూరమాడింది. తరువాత నా వైపు తిరిగింది.

"ఏమే లాయరమ్మా, చావింట్లో పొయ్యి వెలగకూడదా, వెలగచ్చా?"

వెలగకూడదన్నాను.

"మరి ఇయ్యాళ సభలో చచ్చిందేంటి? మీ చట్టమే కదా. మా అమ్మ పాలిట దేవతది. దానికి మైల పట్టొద్దూ?"

బిందెడు నీళ్ళు తన పొయ్యి మీద పోసింది. ఆవిరి బుస్సుమని లేచింది. పొయ్యి, "మంట ఆరింది. సహాయం కావాలా?" అని అడిగితే, "నోర్ముయ్" అంది. లోపలి నుంచి ఆవిడ మొగుడు సుబ్బారాయుడు, పక్షం పోతే తనకు విడుదలేనా అని ఆశగా అడిగాడు. పక్షం దాకా ఆగి అప్పుడు చూసుకొమ్మని సత్తెమ్మ జవాబు.

చీకటి పడేలోపు పడమటి వరుసలో ఒక్క పొయ్యీ వెలగడం లేదు.

6

నానబెట్టిన అటుకులు, పెరుగు, నానిన పెసలు, అరటిపళ్ళు. వేడి నీళ్ళు కూడా లేవు. ముసలివాళ్ళకు కాఫీ లేక తలనొప్పులు. హాస్టల్ వంటశాల చల్లార్చాలని నేను వాదసభలో తీర్మానం పెట్టాను. ఎదురుమాట లేకుండా నెగ్గుతుందనుకున్నాను. నెగ్గింది గాని ఎదురుమాట గట్టిగానే వచ్చింది: పొయ్యి చట్టాన్ని ఎగతాళి చేస్తే రేపు పారిపోవలసిన ఆడపిల్లకు దారేదని మా జూనియర్లే అడిగారు. దారిని మూయమని ఎవరూ అనడం లేదు, దుఃఖించేవారినీ పారిపోయేవారినీ ఒకే గాటన కట్టవద్దంటున్నామని చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లతో ఇంపు మా ఇంట్లో ఒక్క రోజైనా ఎక్కువ ఉంటుందా?

తీర్పు నాటి రాత్రే తూర్పు వరుస కూడా చల్లారింది. తెల్లవారేలోపు రేవు వరుస. ఊరి మీద ఎప్పుడూ ఉండే తాలింపు వాసన పోయింది. గాలిలో ఉప్పు మాత్రమే మిగిలింది.

ఈ సాయంత్రం మందాకిని గారు మా మంచెకు వచ్చింది. నిచ్చెన ఎక్కలేక ఆయాసపడుతుంటే కాసిం బాబాయి చెయ్యి అందించాడు. అమ్మ ఆవిడ ముందు అటుకుల గిన్నె పెట్టింది. ఆవిడ నన్ను తిట్టడానికే వచ్చింది.

"ఈ నిప్పులన్నీ ఆరితే లాభపడేదెవరో తెలుసా నీకు? గట్టు మీద తాళి కట్టి తలుపుకి గొళ్ళెం పెట్టేవాళ్ళు. కాగితాలు అబద్ధమాడాయి, పురోహితులు అబద్ధమాడారు, పెద్దమనుషులు అబద్ధమాడారు. నిప్పు ఒక్కటే ఆడలేదు. అందుకని నిప్పుని రాశాం."

"నిప్పు నిజమే చెప్పిందండీ" అన్నాను. "మా పొయ్యి ఆరిందన్నది నిజమే. ఎందుకు ఆరిందని అది అడగలేదు. మీరు అడగగలిగి కూడా అడగలేదు."

ఆవిడ ముఖం ఎర్రబడింది. నా మాట కఠినమైనదని నాకు తెలుసు. వెనక్కు తీసుకోలేదు. కాసేపటికి ఆవిడ అటుకులు వేలితో కలుపుతూ అమ్మతో, తనతో పాతికేళ్ళుగా కలిసి ఉంటున్న నాంచారమ్మ కూడా తీర్పు విన్న రోజే పొయ్యి ఆర్పేసిందని చెప్పింది. ఎంత బతిమాలినా వెలిగించడం లేదట. "ఆదివారంతో నువ్వెవరో నేనెవరో" అందట.

"మీరు వెలిగించుకోవచ్చు కదండీ" అంది అమ్మ.

"నాకు వంట రాదమ్మా" అంది ప్రధాన తీర్పరి.

7

పద్మనాభం పడవ వచ్చే రోజూ, ఊళ్ళో సగం కుటుంబాలు రద్దయ్యే రోజూ ఒకటే అయ్యాయి.

రద్దయిన పొయ్యి తాలూకు మైనర్ల రక్తబంధువును సభే తేల్చాలన్నది చట్టం. మేం చట్టాన్ని అక్షరాలా పాటించాం. తెల్లవారగానే పడవలు సభకు బయలుదేరాయి. పడమటి వరుస పిల్లలు, తూర్పు వరుస పిల్లలు, రేవు పిల్లలు. చంకన ఉన్నవాళ్ళు, చెయ్యి పట్టుకుని నడిచేవాళ్ళు, మీసం మొలుస్తూ సిగ్గుపడుతున్నవాళ్ళు. ఒక్కొక్క పెద్ద మనిషీ మెట్లెక్కి, బట్టల సంచి దింపి, "మా కుటుంబం ఈ పొద్దుతో రద్దయిందండి. చట్టప్రకారం పిల్లని అప్పగిస్తున్నాం" అని చెప్పి పక్కకు తప్పుకున్నారు. సుబ్బారాయుడు తన మనవణ్ణి దింపుతూ, వీడికి పెసలు పడవు, గుర్తుంచుకోండని ఉద్యోగికి మరీ మరీ చెప్పాడు.

సభామందిరం పిల్లలతో నిండిపోయింది. ఒకడు తీర్పరి పీఠం ఎక్కాడు. ఇంకొకతి గంట పట్టుకుని ఆపకుండా మోగించింది. ఒక పసివాడు చట్టాల అలమారు ముందు నేల తడిపాడు. ఆకలి వేసినవాళ్ళు ఏడుపు లంకించుకున్నారు. ఉద్యోగులు పాలు కాచడానికి పరిగెత్తారు. సభ వంటమనిషి కూడా పొయ్యి ఆర్పుకుని కూర్చున్నాడు. మాకు మజ్జిగ మర్యాదతో వార్త చెప్పిన ఉద్యోగి ఇద్దరు పిల్లల్ని చెరో చంకా ఎత్తుకుని, ఎవరు ఎవరి రక్తమో రాసుకోవడానికి మూడో చెయ్యి లేక నిలబడ్డాడు.

నేను ఒక ప్రసంగం సిద్ధం చేసుకుని వచ్చాను. ఆ గోలలో అది నాకే వినపడదని తెలిసి మడిచి పెట్టాను.

పద్మనాభం గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్నాడు. ఆయన వెతికేది ఇంపును. ఇంపు పీఠం కింద దాక్కుని, తనను ఎవరూ పట్టుకోలేదని కేకలు పెడుతోంది.

మందాకిని గారు గోడ పట్టుకుని నిలబడి, గంట ఆగేదాకా ఎదురుచూసి చెప్పింది: "రక్త నిబంధనను నిలిపివేస్తున్నాను. ప్రతి పిల్లా ఎవరితో వచ్చిందో వారితోనే తిరిగి వెళ్ళాలి. ఇంపుతో సహా. కొత్త నిబంధన వచ్చేదాకా."

తాత్కాలికం. చివరికి మా ఇంటికి దక్కిన మాట అది. కాసిం బాబాయి ముఖం కప్పుకుని ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు. తమకు తోచనందుకు ఒక తల్లిని నిలబెట్టి అడిగించుకున్నవాళ్ళు, ఇప్పుడు తాత్కాలికంగా ఆమె బిడ్డను ఆమెకు దయచేశారు. ఆ మాట పైకే అన్నాను.

మందాకిని గారు నా వైపు తిరిగింది. "పడగొట్టడం వచ్చిందిగా తల్లీ. రేపటి నుంచి కట్టు. ముసాయిదా నువ్వే రాసుకురా."

అమ్మ పీఠం దగ్గరికి వెళ్ళి, వంగి, ఇంటికి రమ్మని పిలిచింది. ఇంపు ఇంకో ఆట అయ్యాక వస్తానంది. అమ్మ అక్కడే నేల మీద కూర్చుంది.

8

ఇంట్లో అన్నం ఉడుకుతోంది. ముసాయిదా మొదటి వాక్యం రాశాను: "బిడ్డను పెంచినవారే బిడ్డకు కుటుంబం, పెంచనివారికి బిడ్డపై ఏ బంధమూ లేదు." పదును బాగుంది. ఏ వేదిక మీదనైనా నిలుస్తుంది. చదివి వినిపిస్తే కాసిం బాబాయి తల ఊపాడు. అమ్మ కుండ మూత తీసి మెతుకు పట్టి చూసింది.

పాటు తగ్గే వేళకు పద్మనాభం గట్టుకు తిరిగి వెళ్తూ మా మంచె కింద పడవ ఆపాడు. పైకి రాలేదు. నిచ్చెన అడుగున నిలబడి, ఇంపుకు కనిపించి వెళ్దామని ఆగానన్నాడు. నా చేతిలో కాగితం చూసి, వినవచ్చా అని అడిగాడు. వినిపించాను. ఆయనకు వినిపించాలనే నా కోరిక కూడా.

కాసేపు తాడు చుడుతూ ఉండిపోయాడు. "దీని ప్రకారం నేను దానికేమవుతానమ్మా?"

"ఇన్నేళ్ళూ మీరు రాలేదండీ" అన్నాను.

"రాలేదు. తప్పే. ఆ తప్పుకి శిక్ష ఏంటో కూడా అందులో రాయి. కడతాను. ఊరికే కొట్టేయమాక."

నా దగ్గర సమాధానాలు ఉన్నాయి. చెల్లెలి పేరు పలకనివాడు చెల్లెలి బిడ్డకు మామ ఎలా అవుతాడు? దహనాన్ని పడవలోంచి చూసినవాడికి ఏ చట్టంలో చోటు ఇవ్వాలి? ఆ ప్రశ్నలు న్యాయమైనవి. ఇప్పటికీ నా కోపం న్యాయమైనదేనని రాస్తున్నాను. కానీ నేను రాసిన వాక్యంలో శిక్ష లేదు. అందులో ఆయన లేడు. నిన్నటిదాకా మందాకిని గారి వాక్యంలో మా అమ్మ లేనట్టే.

ఇంపు నిచ్చెన పై మెట్టు మీద బోర్లా పడుకుని తల కిందికి వేలాడదీసింది.

"మావయ్యా, మళ్ళీ ఎప్పుడొస్తావు?"

 పద్మనాభం తల ఎత్తి, నా చేతిలోని కాగితం వైపు చూశాడు.